చలి ముంచుకొచ్చేలోపు సిరప్

కెనడాలో తేనెటీగల ఫారంలో పనంటే తేనె తీయడమే అనుకుంటారు చాలామంది. అసలు టెన్షన్ తేనె తీశాక మొదలవుతుంది. ఆగస్టు దాటితే పూలు తగ్గిపోతాయి, మంచు పడ్డాక వసంతం దాకా బయట తిండి దొరకదు. అన్ని నెలలూ ఈగలు రాణి చుట్టూ గుంపుగా ముడుచుకుని, దాచుకున్నదే తింటూ ఒంట్లో వేడి పుట్టించుకోవాలి. దాచుకున్నదాంట్లో చాలా వరకు మనమే తీసుకున్నాం కాబట్టి తిరిగి నింపే పూచీ మనదే.

మా సీజన్‌లో ఆఖరి పెద్ద పని ఇదే. మూత తీయకుండానే ఈగలుండే పెట్టెను వెనకవైపు నుంచి కాస్త ఎత్తి చూస్తాం. తేలిగ్గా లేచిందంటే లోపల నిల్వ లేదన్నమాట. ఈ విద్య నాకు మెక్సికో నుంచి వచ్చిన తోటి పనివాడు నేర్పాడు. మా ఇద్దరికీ ఉమ్మడి భాష అంతంతమాత్రమే. నా చెయ్యి పట్టుకుని ఒక బరువైన పెట్టె కిందా, ఒక తేలిక పెట్టె కిందా పెట్టించాడు, అంతే.

తేలిక పెట్టెల్లో పంచదార సిరప్ పోస్తాం. బరువు లెక్కన రెండు వంతుల పంచదారకు ఒక వంతు నీళ్ళు. వసంతంలో సమపాళ్ళలో పలచగా ఇస్తాం గానీ, చలికి ముందు చిక్కగానే ఉండాలి. ఈగలు అందులో మిగిలిన నీటిని రెక్కలతో విసిరి ఆరబెట్టి, మైనంతో మూసేయాలి. పలచనైతే ఆ చాకిరీకే అలిసిపోతాయి. సిరప్ 10 డిగ్రీల కంటే చల్లబడితే దాదాపు ముట్టవు, అందుకే ఆలస్యం పనికిరాదు. పంచదార తెల్లదే వాడాలి. ముడి చక్కెరలోని మలినాలు వాటికి అరగవు. చలిలో విసర్జనకు బయటికి ఎగరలేక పెట్టెలోనే విరేచనాలై గుంపంతా పోవచ్చు.

పోసేటప్పుడు చుక్క కూడా కింద పడనివ్వకూడదు. వాసన పట్టి బలమైన పెట్టెల ఈగలు బలహీనమైనదాని మీద పడి దోచుకుంటాయి. ద్వారం దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని, కుట్టుకుంటూ మట్టిలో దొర్లుతుంటే చూడలేం. అందుకని సాయంత్రాలే పోస్తాం, ద్వారం ఒకటి రెండు ఈగలు పట్టేంతకు తగ్గిస్తాం.

అమ్మే తేనె కోసం పై అరలు ఎక్కించి ఉండగా మాత్రం సిరప్ ఇవ్వకూడదు. అది తేనెలో చేరితే కల్తీయే. ఇంకొకటి, ఈగలు పలచబడిన గుంపుకు ఎంత పోసినా చలికి నిలవదు. వ్యాధి లేదని చూసుకుని, దాన్ని పక్క పెట్టెతో ముందే కలిపేయడం మేలు.