థ్రెడ్లా, ప్రాసెస్‌లా? ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ప్రిపరేషన్‌లో ఈ టాపిక్ ఇలా చదవండి

ఫ్రెండ్స్, "థ్రెడ్ తేలిక, ప్రాసెస్ బరువు" అని బట్టీపట్టి వెళ్తే ఈ టాపిక్‌లో మార్కులు రావు. ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, థ్రెడ్ అంటే దాని లోపల నడిచే ఒక్కో పని వరుస. ముందుగా వీటికి ఏది ఉమ్మడి, ఏది విడి అన్నది పక్కా చేసుకోండి. ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నిటికీ కోడ్, గ్లోబల్ వేరియబుల్స్, హీప్ (నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ), తెరిచిన ఫైళ్లు ఉమ్మడి. స్టాక్ (ఫంక్షన్ కాల్స్ మెమరీ), రిజిస్టర్లు, ప్రోగ్రామ్ కౌంటర్ (తర్వాత నడిపే ఆదేశం ఎక్కడుందో చెప్పేది) మాత్రం దేనివి దానికే. మిగతా జవాబులన్నీ ఇందులోంచే లాగొచ్చు. అడ్రస్ స్పేస్ (ప్రాసెస్‌కి కనిపించే మెమరీ) ఒకటే కాబట్టి, అదే ప్రాసెస్‌లో థ్రెడ్ మారినప్పుడు పేజ్ టేబుల్ (ఆ అడ్రస్‌లు అసలు మెమరీలో ఎక్కడున్నాయో చెప్పే పట్టిక) మార్చక్కర్లేదు, అందుకే స్విచింగ్ చవక. అదే కారణంగా ఒక థ్రెడ్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ (అనుమతి లేని మెమరీని తాకితే వచ్చే ఎర్రర్) వస్తే మామూలుగా ప్రాసెస్ మొత్తం పోతుంది.

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడ: రెండు థ్రెడ్లు లాక్ లేకుండా ఒకే కౌంటర్‌ను చెరి 100 సార్లు పెంచితే కనిష్ఠ విలువ ఎంత? చాలామంది 100 అంటారు. సరైన జవాబు 2. పెంచడమంటే చదవడం, కలపడం, రాయడం అనే మూడు పనులు. మొదటి థ్రెడ్ 0 చదివి ఆగింది. రెండోది 99 సార్లు పెంచేసింది. ఇప్పుడు మొదటిది 1 రాసింది, రెండోది ఆ 1 చదివి ఆగింది. మొదటిది తన మిగతా 99 పూర్తి చేశాక, రెండోది లేచి 2 రాసేస్తుంది. దీన్ని కాగితం మీద మీ చేత్తో వేసి చూడండి, చదివితే నిలవదు.

ఫోర్క్ అంటే ప్రాసెస్‌కి నకలు తీసే కాల్; పాతది పేరెంట్, కొత్తది చైల్డ్. అదే కౌంటర్‌ను ఫోర్క్ తర్వాత చైల్డ్ పెంచితే పేరెంట్‌లో విలువ మారదు. ప్రింట్ చేస్తే అడ్రస్ మాత్రం రెండిట్లో ఒకటే కనిపిస్తుంది, ఎందుకంటే అది వర్చువల్ అడ్రస్, అంటే అసలు మెమరీలోని చోటు కాదు, ప్రాసెస్‌కి కనిపించే అడ్రస్. వరుసగా మూడు ఫోర్క్‌లంటే మొత్తం 8 ప్రాసెస్‌లు, కొత్తవి 7. ప్రశ్న ఏది అడిగిందో రెండుసార్లు చదవండి.

థ్రెడ్లున్న ప్రోగ్రామ్‌లో ఫోర్క్ చేస్తే? పోసిక్స్ (యునిక్స్ తరహా ఓఎస్‌ల ప్రమాణం) ప్రకారం పిలిచిన థ్రెడ్ ఒక్కటే చైల్డ్‌లోకి వస్తుంది. ఆ క్షణంలో వేరే థ్రెడ్ మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌కే దొరికే లాక్) పట్టుకుని ఉంటే, చైల్డ్‌లో దాన్ని విడిచే థ్రెడ్ ఉండదు. చైల్డ్ దానికోసం ఆగితే డెడ్‌లాక్, అంటే ఎప్పటికీ అక్కడే ఇరుక్కుంటుంది. అందుకే అక్కడ వెంటనే ఎగ్జెక్ (ప్రాసెస్‌లో కొత్త ప్రోగ్రామ్ నింపే కాల్) పిలవడం క్షేమం.

ఇంటర్వ్యూల కోసం పైథాన్ సంగతి కూడా చూసుకోండి: గిల్ (GIL, ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే లాక్) ఉన్న మామూలు సీపైథాన్‌లో (మనం సాధారణంగా వాడే పైథాన్) లెక్కలతో నిండిన పైథాన్ కోడ్‌కి థ్రెడ్లు పెంచినా వేగం రాదు, ప్రాసెస్‌లు వాడాలి. నెట్‌వర్క్, డిస్క్ కోసం ఎదురుచూసే పనికి థ్రెడ్లు చాలు.