మినపరొట్టె మీద మేపుల్ సిరప్

పోయిన చలికాలంలో ఒక ఆదివారం దిబ్బరొట్టె వేశాను. మినప్పప్పు రుబ్బి రవ్వ కలిపి, మందపాటి గిన్నెలో నూనె పోసి, మూతపెట్టి సన్నసెగ మీద ఉంచితే అడుగు ఎర్రగా కాలింది. పక్కన అల్లం పచ్చడి పెట్టాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఫ్రిజ్ తలుపు తీసి మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు రసం కాచి చేసే తియ్యటి పాకం) సీసా తెచ్చుకుని రొట్టె మీద ధారగా పోసేసింది.

"అదేం తిండే! ఇది పాన్‌కేక్ కాదు" అని గట్టిగానే అన్నాను. దాని మొహం చిన్నబోయింది. సగం రొట్టె వదిలేసి లేచిపోయింది.

గిన్నెలు కడుగుతుంటే నాన్న గుర్తొచ్చారు. మాది పశ్చిమ గోదావరి. మా ఇంట్లో దిబ్బరొట్టె ఉందంటే పక్కన చెరకు పానకం ఉండాల్సిందే. శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు వేసి చేసే పానకం కాదు. చెరకు రసం కాస్తూ, గట్టిపడి బెల్లం కాకముందే దించేసే చిక్కటి పాకం. నాన్న వేడి రొట్టె తుంచి అందులో ముంచి నా నోట్లో పెట్టేవారు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ వచ్చాక ఆ పానకం దొరకలేదు. మెల్లగా పచ్చడికి అలవాటుపడి, రొట్టెకి పచ్చడే సంప్రదాయం అన్నట్టు పిల్ల మీద కేకలేశాను. నేను మర్చిపోయిన రుచిని అది ఇక్కడ దొరికిన సీసాతో వెతుక్కుంది. మర్నాడు పొద్దున్నే దానికి సారీ చెప్పాను. తాతయ్య పానకం కథ కూడా చెప్పాను.

మార్చిలో పిల్లలిద్దర్నీ తీసుకుని ఊరవతల ఒక షుగర్ హౌస్‌కి, అంటే మేపుల్ రసం కాచి సిరప్ చేసే చోటుకి వెళ్లాం. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగేంత ఎండ ఉన్న రోజుల్లోనే మేపుల్ చెట్టు నుంచి రసం కారుతుంది. ఇక్కడ అది ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా. రసం నీళ్లలా తేటగా ఉంటుంది, నాలుక మీద తీపి తెలిసీ తెలియనట్టుంటుంది. అందులో చక్కెర దాదాపు 2 శాతమే. అందుకే ఒక లీటరు సిరప్ కావాలంటే సుమారు 40 లీటర్ల రసం మరిగించాలి.

లోపల అడుగు పెట్టగానే నాకు గొంతు పట్టేసింది. పొడవాటి పెనాలు, కింద కట్టెల మంట, కప్పు దాకా తియ్యటి ఆవిరి. మా ఊళ్లో బెల్లం వండే చోటే. వెంటనే నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన మొదట అడిగింది రుచి గురించి కాదు, "పాకం ఎలా చూస్తున్నారమ్మా?" అని.

నీళ్లు మరిగే వేడి కంటే 7 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువకి చేరితే సిరప్ తయారైనట్టు. థర్మామీటరు ఉన్నా, అక్కడి పెద్దాయన గరిట ముంచి పైకెత్తి చూపించాడు. ముందు చుక్కలుగా జారింది. కాసేపయ్యాక మళ్లీ ఎత్తితే చుక్కలు కలిసిపోయి, గరిట అంచున పల్చటి తెరలా వేలాడింది. "అద్గదీ" అన్నారు నాన్న. నురగ పొంగుకొస్తే ఆ పెద్దాయన చిన్న వెన్నముక్క వేశాడు, పొంగు అణిగింది. "మనం ఆముదం చుక్క వేసేవాళ్లం" అన్నారు నాన్న. నేను మధ్యలో నిలబడి ఇటు తెలుగు, అటు ఇంగ్లీషు చెబుతూనే ఉన్నాను. ఆ అరగంటలో మా అమ్మాయి తాతయ్యని అడిగినన్ని ప్రశ్నలు ఏడాది మొత్తం ఫోన్లలో అడగలేదు.

తర్వాత సిరప్‌ని ఇంకాస్త ముదరకాచి శుభ్రమైన మంచు మీద పోశారు. పోసిన వెంటనే సాగే మిఠాయిలా బిగుసుకుంది. పుల్లకి చుట్టుకుని తినాలి. మధ్యలో పుల్లటి దోసకాయ పికిల్ కొరకాలి, తీపి మొహం మొత్తకుండా. సంక్రాంతికి నేను అరిసెల పాకం నీళ్ల పళ్లెంలో వేసి ఉండకడుతోందా లేదా అని చూడటం మా అమ్మాయి ఎప్పుడూ పక్కనుండి చూసేదే. "అమ్మా, ఇది నీ ప్లేట్ టెస్టే!" అని అరిచింది.

సీసా కొనేటప్పుడు మాత్రం పేరు చదవండి. ఉత్తి 'పాన్‌కేక్ సిరప్' అని ఉంటే అది చాలావరకు రంగు, వాసన కలిపిన కార్న్ సిరప్. అసలుదాని మీద 'ప్యూర్ మేపుల్' అని ఉంటుంది. అందులో గోల్డెన్, అంబర్, డార్క్, వెరీ డార్క్ అని నాలుగు రకాలు. సీజన్ మొదట్లో లేత రంగువి, చివర్లో ముదురువి వస్తాయి. గోల్డెన్ పెరుగులోకి బాగుంటుంది. దిబ్బరొట్టెకి నా ఓటు డార్క్‌కే, పానకానికి దగ్గరగా వచ్చే కమ్మదనం దానిలోనే ఉంది. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. ఉగాది పచ్చడిలో మాత్రం నేను మేపుల్ వేయను. అక్కడ బెల్లమే.

తేనె దగ్గర మా ఇంట్లో ఇంకో కథ. మా చిన్నోడు పుట్టినప్పుడు అత్తయ్యగారు నాలుక మీద తేనె రాయాలని ఆశపడ్డారు. ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దని డాక్టరు చెప్పారు. తేనెలో ఉండగల, బాట్యులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం పుట్టించే ప్రమాదం ఉంది. రెండు రోజులు ఇంట్లో టెన్షన్. ఆ విషయంలో నేను తగ్గలేదు, ఇప్పుడైనా తగ్గను. మొదటి పుట్టినరోజు దాటాక ఆవిడ చేతే రాయించాం. వాడు చప్పరించిన తీరు చూసి ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు వాడికి బక్‌వీట్ అనే పంట పూల తేనె ఇష్టం. నల్లగా, ఘాటుగా, పాత బెల్లం వాసన వేస్తుంది. చలికి తేనె పేరుకుంటే పంచదార కలిపారని పారేయకండి, అది సహజమే. సీసాని గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే కరుగుతుంది.

వచ్చే సంక్రాంతికి ఊరెళ్తున్నాం. సూట్‌కేసులో రెండు డార్క్ డబ్బాలకి చోటు ఉంచాను. కొత్త పానకం తెప్పించి ఉంచుతానని నాన్న అన్నారు. రెండూ ఒకే రొట్టె మీద, సగం అటు, సగం ఇటు పోసుకుంటానని మా అమ్మాయి తాతయ్యకి ముందే చెప్పేసింది.