చీకటిపడ్డాక జరిగిన పెళ్లి

పోలండ్‌లోని క్రాకోవ్ వెళ్లినవాళ్లు కోట, ఉప్పుగని చూసొస్తారు. నేను వెళ్లింది ఒక సమాధి కోసం. శుక్రవారం మధ్యాహ్నం పాత యూదుల పేట కాజిమియెజ్‌లోని షెరోకా వీధికి చేరాను. సాయంత్రం యూదుల వారాంతపు విశ్రాంతిదినం షబ్బాత్ మొదలవుతుంది, ఈలోపే చూసి రావాలని టెన్షన్. తలమీద చిన్న టోపీ పెట్టుకుని, రెము సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) పక్కనుంచి వెనక ఉన్న శ్మశానంలోకి నడిచాను.

వీధివైపు గోడ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నాజీల కాలంలో పగిలిన సమాధిరాళ్ల ముక్కలు ఏరి కట్టిన గోడ అది. ప్రతి ముక్కమీదా సగంలో తెగిపోయిన హీబ్రూ అక్షరాలు. ఒకదాన్ని వేలితో తడిమాను. గరుగ్గా, చల్లగా ఉంది.

నేను చూడాలనుకున్న సమాధి, యూదు ధర్మశాస్త్ర పండితుడు రబ్బీ మోషే ఇస్సెర్లెస్‌ది. ఆ రాయి మాత్రం నిలిచింది. ఆయన పోయింది 1572లో. "మోషే నుంచి మోషే దాకా మోషే లాంటివాడు పుట్టలేదు" అని దానిమీద చెక్కారు. మొదటి మోషే బైబిల్ ప్రవక్త, రెండో మోషే ఈయన. రాయి మీద సందర్శకులు పెట్టిన గులకరాళ్లు.

యూదుల ధర్మశాస్త్రం ప్రకారం షబ్బాత్ నాడు 39 రకాల పనులు కూడవు. రాయడం వాటిలో ఒకటి. పిల్లల సంబంధాలు మాట్లాడుకోవచ్చు, అది పుణ్యకార్యమే అని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్ ఒప్పుకుంటుంది. వధువుని వరుడికి కట్టబెట్టే తంతు మాత్రం ఆ రోజు చెయ్యకూడదు. చేస్తే ఎక్కడ పెళ్లిపత్రం రాసేస్తారోనని పెద్దలు ముందే కంచె వేశారు.

ఆ కంచె ఈ ఊళ్లోనే ఒక శుక్రవారం రాత్రి కదిలింది. ఒక పేదవాడు పెద్దకూతురికి సంబంధం కుదిర్చి, పెళ్లి కాకుండానే చనిపోయాడు. తల్లి కూడా లేదు. చుట్టాలు మొహం చాటేస్తే మేనమామ ఇంట్లో పెట్టుకున్నాడు. తీరా పెళ్లినాటికి కట్నంలో దాదాపు మూడోవంతు తక్కువైంది. వరుడు మొండికేశాడు. డబ్బు కోసం ఆడపిల్లని అవమానించొద్దని ఊరిపెద్దలు చెప్పినా వినలేదు. చివరికి ఒప్పుకునేసరికి చీకటిపడి షబ్బాత్ వచ్చేసింది. ఇస్సెర్లెస్ లేచి ఆ రాత్రే పెళ్లి జరిపించారు. తర్వాత జనం గొణిగితే, ఎందుకు చేశారో శాస్త్రం చూపించి జవాబు రాశారు. అసలు అంతదాకా రాకుండా ముందే జాగ్రత్తపడాలని కూడా ధర్మశాస్త్రం మీద తను రాసిన వ్యాఖ్యలో చేర్చారు. ఆ మాటవల్లే నాకాయన మీద గౌరవం రెట్టింపైంది. నియమం ఆయనకి ప్రాణం. ఆ పిల్ల తలవంపు అంతకంటే బరువుగా తోచింది.

నాకు మా చిన్నత్త పెళ్లి గుర్తొచ్చింది. కట్నం బాకీ ఉందని మగపెళ్లివారు విడిదింట్లోంచి కదల్లేదు. ముహూర్తం దాటిపోతోంది. అత్త పసుపుబట్టల్లో గోడకి ఆనుకుని, కాలి మెట్టెలు లేని వేళ్లని చూసుకుంటూ కూర్చుంది. తాతయ్య అప్పు తెచ్చాకే మేళం మోగింది.

సమాధి మీద నేనూ ఒక గులకరాయి పెట్టాను.

రాత్రి అత్తకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది:

"ఆ పిల్ల పేరేంట్రా?"

"ఆయన రాసినదాంట్లో పేరు లేదత్తా" అన్నాను.