గ్రిప్పు ఇంకా ఉంది కదా!

టైరు షాపుకెళ్ళి "అన్నా, మార్చాలేమో ఒకసారి చూడు" అంటే ముందు వంగి గాడుల్లోకి చూస్తారు. చూసి "గ్రిప్పు ఇంకా ఉంది సార్, ఇంకో నాలుగైదు వేల కిలోమీటర్లు తిరుగుతుంది" అని పంపించేస్తారు. మన తెలుగులో టైరు మీది గాడులకే గ్రిప్పు అని పేరు పడిపోయింది. గాడి వేరు, పట్టు వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని నేను కనీసం ఆరు నెలలు చెడిపోయిన టైరు మీద, వెనక మా ఆవిడను కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్లు ఎక్కి దిగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాది డామినార్ 400 బైకు. ముందు టైరు 110/70-17, వెనకది 150/60-17, రెండూ ట్యూబ్‌లెస్. మేముండేది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర, సొంతూరు తాడిపత్రి. కాబట్టి నా ప్రయాణాల్లో సగానికి పైగా ఒకటే రోడ్డు: హెబ్బాళ దాటి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ, అనంతపురం. మిగతాది పలమనేరు మీదుగా తిరుపతి, ఏడాదికి రెండుసార్లు హార్స్‌లీ హిల్స్, ఎప్పుడైనా గుత్తి, కర్నూలు మీదుగా హైదరాబాద్. ఊళ్ళ పేర్లన్నీ ఎందుకంటే, టైరు ఎలా అరుగుతుందో ఈ రోడ్లే నిర్ణయిస్తాయి. 44వ నంబరు హైవే మీద గంటల తరబడి బండి నిటారుగానే ఉంటుంది, పైగా ఇద్దరి బరువు, సామాను. దాంతో టైరు మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పు మాత్రమే అరుగుతూ పోతుంది, పక్కలు కొత్తగానే ఉండిపోతాయి.

పోయిన నవంబర్‌లో తిరుపతి నుంచి తిరిగి వస్తున్నాం. చిత్తూరు దాటాక వాన, మొగిలి ఘాట్ మొదలయ్యేసరికి తగ్గింది, రోడ్డు మాత్రం నల్లగా తడిసి మెరుస్తోంది. వేగం యాభై కూడా లేదు. ఒక ఎడమ మలుపులో బండిని వంచితే ముందు వంగనని మొరాయించింది, కాస్త గట్టిగా నెట్టేసరికి ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోయింది, ఆ ఊపులో వెనక టైరు జానెడు దూరం జారింది. ఎలాగో నిలదొక్కుకుంది, పడలేదు. మా ఆవిడ నా భుజం పట్టుకున్న చోట మర్నాటికి కూడా నొప్పి పోలేదు. పలమనేరు చేరాక టీ కొట్టు దగ్గర ఆపి ఫోన్ లైటు వేసి చూస్తే గాడులు చక్కగా ఉన్నాయి. రోడ్డు మీద ఆయిల్ పడి ఉంటుంది అనుకున్నాను. తప్పంతా రోడ్డు మీదకు నెట్టేశాను.

అసలు సంగతి చెప్పింది కె.ఆర్.పురంలో చిన్న టైరు షాపు నడిపే మదనపల్లె ఆయన. ఆయన గాడుల్లోకి చూడనే లేదు. బండిని సెంటర్ స్టాండు మీద ఎత్తినట్టు జాకీ పెట్టి, అరచెయ్యి టైరుకు అడ్డంగా ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరాడు. "అన్నా, నువ్వూ చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. పెట్టాను. మధ్యలో బల్లలా చదును, రెండు పక్కలా వేలికి అంచు తగులుతోంది, గట్టు మీద కాలు పెట్టినట్టు. బైకు టైరు అడ్డకోతలో గుండ్రంగా ఉండాలి, అప్పుడే బండి ఎంత వంగితే అంత మెల్లగా, ఒకే తీరుగా వంగుతుంది. మధ్యలో చదునైతే బండి ఆ చదును మీదే నిలబడాలని చూస్తుంది. మనం బలవంతంగా వంచితే అంచు దాటి ఒక్క ఉదుటున పడుతుంది. మొగిలి ఘాట్‌లో జరిగింది అచ్చంగా ఇదే.

తర్వాత ఆయన టైరు పక్క గోడ మీద నీళ్ళు పోసి తుడిచి అంకెలు చూపించాడు. డి.ఓ.టి అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నా టైరు మీద 1121 అని ఉంది, అంటే 2021లో పదకొండో వారం, మార్చి నెల. నేను దాన్ని కొన్నది 2024 ఆగస్టులో, కొత్త టైరు అని, ఆఫర్ ధర అని. మూడేళ్ళకు పైగా ఎక్కడో గోడౌన్‌లో పడి ఉన్న సరుకు నాకు అంటగట్టారు. ఆ రోజు అంకెలు చదవడం తెలిసి ఉంటే డబ్బు ఇచ్చే ముందే అడిగేవాణ్ణి. వాడకపోయినా రబ్బరు గాలికి, వేడికి మెల్లగా గట్టిపడుతూనే ఉంటుంది. పాత టైరును, పక్కనే ఉన్న కొత్త టైరును గోటితో నొక్కి చూశాను. కొత్తదానిలో గోరు కాస్త దిగుతోంది, నాదానిలో ప్లాస్టిక్ డబ్బాను నొక్కినట్టుంది. తడి రోడ్డును పట్టుకునేది ఆ మెత్తదనమే. గాడులు చేసే పని ఒక్కటే, టైరుకీ రోడ్డుకీ మధ్య చేరిన నీళ్ళను బయటికి పంపడం. మోటోజీపీ బైకు రేసుల్లో పొడి రోడ్డు మీద వాడే టైర్లకు గాడులే ఉండవు, నున్నగా ఉంటాయి. ఆ నున్నటి రబ్బరే అంత వేగంలోనూ మోకాలు నేలకు తగిలేలా వంగిన బండిని పట్టి ఉంచుతుంది.

సరే, ఇక కొత్తవి ఎంచుకోవడం. ఆఫీసులో ఒక్కొక్కరిదీ ఒక్కో సలహా. ఒకడు వెనక 150 బదులు 160 మిల్లీమీటర్ల వెడల్పు టైరు వేయించు, లుక్ అదిరిపోతుందన్నాడు. ఇంకొకడు రేసు బళ్ళకు వేసే మెత్తటి టైరు వేయించు, పట్టంటే అదీ అన్నాడు. 160 మాట నేను మొదట్లోనే కొట్టిపారేశాను. రిమ్ము వెడల్పు మారకుండా టైరు ఒక్కటే వెడల్పు చేస్తే దాని పక్కలు లోపలికి ముడుచుకుని ఆకారం మారిపోతుంది, బండి మలుపు తిరగడానికి బద్ధకిస్తుంది. ఆకారం పాడైన టైరుతో పడ్డ బాధ చాలదా! మెత్తటి టైరు ఆదివారం పొద్దున నంది హిల్స్ వెళ్ళొచ్చేవాళ్ళకు బాగుంటుందేమో గాని, నా అనంతపురం రోడ్డు మీద మధ్య భాగం చూస్తుండగానే కరిగిపోతుంది.

నాకు కావలసినవి నాలుగు: ఇద్దరి బరువు మోయాలి, మే నెల ఎండలో గంటల తరబడి వేడెక్కినా నిలబడాలి, మధ్యలో తొందరగా చదును కాకూడదు, తడిలో నమ్మకంగా ఉండాలి. బరువు సంగతి టైరు మీదే రాసి ఉంటుంది. 66హెచ్ అని ఉంటే 66 అంటే ఆ ఒక్క టైరు 300 కిలోల వరకు మోస్తుందని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. ముందు టైరు మీద 54 ఉంటే 212 కిలోలు. బండి, మేమిద్దరం, బ్యాగులు కలిపి మాది దాదాపు 350 కిలోలు, అందులో ఎక్కువ భాగం వెనక టైరు మీదే పడుతుంది. ఆ లెక్కన 66 నాకు హాయిగా సరిపోతుంది. వేగం అక్షరం గురించి నేను పెద్దగా ఆలోచించలేదు, నూరు దాటి నడపను.

రేడియలా, మామూలు బయాస్ టైరా అన్నదే అసలు ప్రశ్న. బయాస్ టైరులో లోపలి దారాల పొరలు ఒకదానికొకటి ఏటవాలుగా, నవారు మంచం అల్లినట్టు అడ్డంగా పోతాయి. పక్క గోడలు గట్టిగా ఉంటాయి, గుంతల దెబ్బలకు ఓర్చుకుంటాయి, ధర కూడా తక్కువ. కానీ పరుగులో ఆ పొరలు ఒకదానితో ఒకటి రాసుకుని వేడి పుడుతుంది. రేడియల్‌లో పొరలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా పోతాయి, పైన చుట్టూ బెల్టు ఉంటుంది, చాలావాటిలో అది ఉక్కు తీగలది. వేడి తక్కువ, రోడ్డుకు ఆనే భాగం స్థిరంగా ఉంటుంది. ఎండాకాలంలో గుత్తి దగ్గర మధ్యాహ్నం రోడ్డు మీద చెయ్యి పెట్టినవాళ్ళకు నేను రేడియల్ వైపు ఎందుకు మొగ్గానో వేరే చెప్పక్కర్లేదు. దూర ప్రయాణాల కోసం చేసే కొన్ని టూరింగ్ టైర్లలో మధ్యలో గట్టి రబ్బరు, పక్కల్లో మెత్తటి రబ్బరు కలిపి చేస్తారు. హైవే మీద మన్నిక, మలుపులో పట్టు రెండూ దక్కుతాయి. నాలా తిన్నటి రోడ్డు మీద ఎక్కువ తిరిగేవాళ్ళకు ఇది కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టొచ్చు.

జె.సి.రోడ్డులో ఒక శనివారమంతా తిరిగాను. ఎమ్మారెఫ్, అపోలో ఆల్ఫా హెచ్1, టీవీఎస్ యూరోగ్రిప్, మిషలిన్ రోడ్ 5, ఇవి చూశాను. 2018లో వచ్చిన రోడ్ 5లో నాకు బాగా నచ్చిన విషయం, దాని సన్నటి చీలికలు పైన ఇరుగ్గా, లోపలికి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటాయి. అంటే టైరు అరిగేకొద్దీ చీలిక తెరుచుకుంటుంది, సగం అరిగాక కూడా నీళ్ళను బయటికి పంపగలదు. వానలో ఎక్కువ తిరిగేవాళ్ళు డబ్బుకు వెనకాడకుండా దాన్నే తీసుకోమంటాను. నాకు చెప్పిన ధర మన దేశపు టైర్ల జతకు దాదాపు రెట్టింపు, అందుకే నేను మన దేశపు రేడియల్ జతే తీసుకున్నాను. ఏ కంపెనీదో కావాలనే రాయడం లేదు, రాస్తే మిగతాదంతా వదిలేసి ఆ పేరొక్కటే పట్టుకుని షాపుకు వెళ్తారు. మీ రోడ్డు వేరు, మీ బరువు వేరు.

ముందు టైరు ఇంకా కొంత కాలం వచ్చేదే, అయినా రెండూ ఒకే రకంవి వేయించాను. ఒకటి చురుగ్గా వంగుతూ ఇంకొకటి మొండిగా ఉంటే మలుపులో బండి మాట వినదు. డబ్బు ఇచ్చేముందు రెండు టైర్ల మీదా తేదీ చూశాను, తయారై మూడు నెలలు కూడా కాలేదు. ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడ్డాను. తిరిగే దిశ బాణం గుర్తు సరిగ్గా ఉందా, వాల్వు కొత్తది వేశారా, బ్యాలెన్సింగ్ చేశారా, ఈ మూడూ చూసుకుంటే చాలు. కొత్త టైరు పైపొర నున్నగా, జారుగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు బండిని ఎక్కువ వంచలేదు, గట్టి బ్రేకు వేయలేదు.

కొన్నాక పరీక్షించడం అందరూ వదిలేసే పని. నేను నెలకోసారి లోతు కొలిచే చిన్న గేజితో మధ్యలో ఒకచోట, పక్కన ఒకచోట కొలిచి నోటుపుస్తకంలో రాస్తున్నాను. మధ్య లోతు ఎంత ఉందన్నదాని కంటే ఆ రెండింటి మధ్య తేడా ఎంత పెరుగుతోందన్నదే చూస్తాను, చదును అవుతోందని ముందుగా చెప్పేది అదే. అలాగే ప్రతి ప్రయాణానికి ముందు అరచెయ్యి పెట్టి నిమరడం, మదనపల్లె ఆయన నేర్పినట్టు. తడిలో ఎలా ఉందో చూడటానికి జూన్‌లో ఒక వాన ఆగాక ఖాళీ రోడ్డులో, ఒంటరిగా, తిన్నగా పోతూ నలభై వేగంలో బ్రేకు మెల్లమెల్లగా పెంచుతూ వేశాను. పాత టైరుతో, బ్రేకు వేస్తే చక్రం పట్టేయకుండా ఆపే ఏబీఎస్ ఎంత త్వరగా కొట్టుకునేదో గుర్తుంది, ఇప్పుడు చాలా గట్టిగా నొక్కితే గాని రావడం లేదు.

గాలి గురించి ఒక్క మాట, ఎందుకంటే ఎంత మంచి టైరైనా గాలి తప్పితే దండగ. కొలవాల్సింది పొద్దున్నే, బండి తీయకముందు. మే నెలలో హైదరాబాద్ వెళ్తూ మారతహళ్ళిలో వెనక 32 పెట్టుకుని బయల్దేరాను, గుత్తిలో ఆగి చూస్తే 36. టైరు వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి పెరగడం మామూలే. అది చూసి కంగారుపడి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది, తక్కువ గాలితో పరుగెత్తే టైరు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. బంకుల్లో ఒక్కో మీటరు ఒక్కో లెక్క చెబుతుంది కాబట్టి సొంత గేజి కొనుక్కోండి, ఒక పూట హోటల్ ఖర్చు కూడా కాదు.

అదే ప్రయాణంలో తిరిగి వస్తూ పెనుకొండ దగ్గర మేకు దిగింది. మేకు గాడి మధ్యలో ఉంది కాబట్టి పంక్చర్ కిట్‌లోని పట్టీ దూర్చి, గాలి కొట్టి ఇల్లు చేరాం. మర్నాడు టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్ ప్యాచ్ వేయించాను. పక్క గోడకు దిగి ఉంటే మాత్రం టైరు మార్చడం తప్ప వేరే దారి ఉండేది కాదు. అక్కడ వేసిన పంక్చర్‌ను నేను నమ్మను, మీరూ నమ్మకండి.

ఇప్పటికి ఆరు వేల కిలోమీటర్లు అయింది. నిన్న సాయంత్రం కొలిస్తే మధ్యకీ పక్కకీ తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు, చేతికి అంచు ఇంకా తగలడం లేదు. వచ్చే నెల వరలక్ష్మీ వ్రతానికి తాడిపత్రి వెళ్తున్నాం. వచ్చేటప్పుడు కదిరి మీదుగా హార్స్‌లీ హిల్స్ ఎక్కుదామని మా ఆవిడే అడిగింది.