నెల తప్పకముందే మాత్ర అడిగితే నవ్వారు

బిడ్డ కావాలనుకుంటున్నామని చెప్పగానే డాక్టరమ్మ రోజుకొకటి చొప్పున 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) మాత్ర రాసిచ్చారు. గర్భం రావడానికి కనీసం నెల ముందు మొదలుపెట్టి, వచ్చాక 12 వారాలు నిండేదాకా మానకూడదన్నారు. అక్కడిదాకా సులువే.

ఉచితంగా ఇస్తారు కదా అని తిరుపతిలో మాకు దగ్గరున్న ఆరోగ్య కేంద్రానికి పోయాను. "కార్డు ఏదమ్మా?" అన్నారు, గర్భిణులకు రాసిచ్చే కార్డు. ఇంకా నెల తప్పలేదన్నాను. "కడుపే రాలేదు, అప్పుడే మాత్రలా?" అని వరసలో ఉన్నోళ్లందరికీ వినబడేలా నవ్వారు. వెనకనున్న పెద్దామె "దేవుడు చూస్తాడులే తల్లీ" అని ఓదార్చింది, నాకేదో లోపం ఉన్నట్టు. ఒళ్లు మండిపోయింది.

బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది. అది సరిగ్గా మూసుకోవడానికే ఈ మాత్ర. అంటే నెలసరి రావాల్సిన తేదీ దాటి రెండు వారాలు. చాలామంది పరీక్ష చేయించుకునేదే అప్పుడు. కార్డు రాయించుకుని మాత్ర చేతికి తీసుకునేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. నాళం కింద మూసుకోకపోతే వెన్నెముక తెరుచుకుని ఉండే స్పైనా బైఫిడా, పైన మూసుకోకపోతే పుర్రె, మెదడే సరిగా ఏర్పడవు. ముందుగా అడిగే ఆడమనిషిని చూసి నవ్వడం కాదు, కూర్చోబెట్టి ఇవ్వాలి.

చివరికి మందులంగట్లో కొన్నాను. అక్కడ ఇంకో తిరకాసు. ఫోలిక్ యాసిడ్ అనగానే 5 మిల్లీగ్రాముల షీటు చేతిలో పెట్టారు. అది 400 మైక్రోగ్రాములకు పన్నెండున్నర రెట్లు! షీటు వెనక అంకె చదివి తిరిగిచ్చేశాను. ఆ పెద్ద డోసు అందరికీ కాదు. ముందు కాన్పులో నాడీనాళ లోపమున్న బిడ్డ పుట్టినవాళ్లకు, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడేవాళ్లకు, చక్కెర జబ్బున్నవాళ్లకు డాక్టర్లే రాస్తారు. బి12 విటమిన్ తక్కువున్నవాళ్లు సొంతంగా పెద్ద డోసు మింగితే రక్తహీనత పైకి కనబడకుండా పోయి, నరాలు లోలోపల దెబ్బతినొచ్చు. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లు బి12 పరీక్ష సంగతి కూడా డాక్టరును అడగండి. మూర్ఛ మందును మాత్రం భయపడి సొంతంగా ఆపొద్దు.

ఆకుకూరలు తింటున్నాం కదా, మాత్రెందుకు అంటారు మా అత్తమ్మ. తోటకూరలో ఫోలేట్ (ఆహారంలో సహజంగా దొరికే ఇదే విటమిన్) ఉన్నమాట నిజమే, ఉడికించి నీళ్లు వంపేస్తే అందులో చాలా వాటితోనే పోతుంది. ఆకు తినండి, మాత్రా మింగండి.

నాలుగో నెల నుంచి ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని కాఫీ, టీలతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. మాత్రలు సరిగ్గా వాడినా 18–20 వారాలప్పుడు బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్ మానొద్దు, ఈ లోపాలన్నీ ఫోలిక్ యాసిడ్‌తోనే ఆగవు.