ఉన్న కంపెనీని లేదన్న సర్వర్

ఏప్రిల్ నెల. యాసంగి ధాన్యం దిగే రోజుల్లో మిర్యాలగూడ మిల్లుల ముందు లారీల వరుస రోడ్డు దాకా వస్తుంది. అలాంటి ఒక మధ్యాహ్నం మిల్లు ఆఫీసు నుంచి గుమాస్తా గారు ఫోను చేశారు. "కాకినాడ పార్టీ కోప్పడుతున్నారు సార్. పొద్దున వాళ్ళు పంపిన మెయిలు తిరిగి వాళ్ళకే వెళ్ళిందట. వాళ్ళ కంపెనీ పేరే లోకంలో లేదని మన సర్వర్ చెప్పిందట!"

నేను నల్లగొండలో ఉంటూ రెండు మూడు మిల్లుల కంప్యూటర్ల పని చూస్తాను. ఈ మిల్లుకు సొంత డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు), సొంత మెయిల్ సర్వర్ ఉన్నాయి. డెబియన్ అనే లైనక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్. ఈ కాలంలో సొంత సర్వర్ ఎందుకంటే, వ్యాపారం ఉత్తరాలు తన గదిలోనే ఉండాలని సేటు గారి పట్టుదల. ఆ పట్టుదల వల్లే నాకు నెలనెలా కొంత ముడుతుంది కాబట్టి నేనెప్పుడూ వాదించలేదు.

సర్వర్ తన పనులన్నీ రాసుకునే చిట్టా, లాగ్, తెరిచాను. గొడవంతా 11:42 నుంచి 11:54 దాకా, పన్నెండు నిమిషాలు. ఆ కాసేపట్లో మిల్లు నుంచి బయటికి వెళ్ళాల్సిన తొమ్మిది మెయిళ్ళు బౌన్స్ అయ్యాయి, అంటే తిరిగి వచ్చేశాయి. కాకినాడ నుంచి వచ్చినదాన్ని మా సర్వర్ 550 అనే కోడ్‌తో గుమ్మంలోనే తిప్పి పంపింది. పంపినవారి డొమైన్ లేదన్నది దాని అభియోగం. పన్నెండు గంటలకు మళ్ళీ అన్నీ మామూలే.

డొమైన్ పేరు చెబితే దాని చిరునామా వెతికిచ్చే డీఎన్ఎస్ కాసేపు పడిపోయిందని వెంటనే అర్థమైంది. కాని పడిపోతే మెయిళ్ళు ఆగాలి, తిరిగి పోకూడదు. అదే నాకు మింగుడు పడలేదు. మెయిల్ సర్వర్ల భాషలో 4తో మొదలయ్యే కోడ్ అంటే ఇప్పుడు కాదు, తర్వాత రా అని. 5తో మొదలైతే ఇక రావద్దని. పోస్ట్‌మ్యాన్ ఇల్లు తాళం వేసి ఉందని రాయడానికీ, ఈ పేరుతో ఎవరూ లేరని రాయడానికీ ఉన్నంత తేడా. తాళం ఉంటే ఉత్తరం దాచి మళ్ళీ వస్తాడు. డీఎన్ఎస్‌లోనూ అంతే: సర్వ్‌ఫెయిల్ అంటే తెలుసుకోలేకపోయాను అని, ఎన్‌ఎక్స్‌డొమైన్ అంటే అలాంటి పేరే లేదు అని. మొదటి జవాబు వస్తే పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ను తర్వాత పంపాల్సినవాటి వరుసలో, అంటే డిఫర్డ్ క్యూలో పెడుతుంది. మామూలు సెట్టింగుల్లో తిరిగి ప్రయత్నించే విరామం 300 సెకన్లతో మొదలై 4000 సెకన్ల దాకా పెరుగుతుంది. అలా ఐదు రోజులు ఓపిక పడుతుంది. మెయిల్ పంపే పద్ధతి ఎస్ఎంటీపీకి 2008 నాటి ప్రమాణం, ఆర్ఎఫ్‌సీ 5321, కూడా కనీసం నాలుగైదు రోజులు వదలవద్దనే చెబుతుంది.

లాగ్‌లో ఈ తేడా రెండు మాటల్లో ఉంటుంది. తాత్కాలిక వైఫల్యమైతే హోస్ట్ దొరకలేదన్న వాక్యం చివర 'ట్రై అగైన్' అని ఉంటుంది, కోడ్ 4.4.3. నా తొమ్మిది వరుసల్లోనూ ఆ రెండు మాటలు లేవు. కోడ్ 5.4.4. అంటే పోస్ట్‌ఫిక్స్ తప్పేమీ లేదు. దానికి ఎవరో లేదని గట్టిగా చెప్పారు, అది నమ్మింది.

ఎవరు చెప్పారు? మర్నాడు బస్సెక్కి మిల్లుకు వెళ్ళాను. సర్వర్ గది అంటే పెద్దగా ఊహించుకోవద్దు, గోనెసంచుల గదికి ఆనుకున్న అర. అన్నిటి మీదా ఊక పొడి. సర్వర్ తన డీఎన్ఎస్ ప్రశ్నలన్నీ ఇంటర్నెట్ లైనుతో పాటు ఇచ్చిన రౌటర్‌నే అడుగుతోంది. భోజనాల వేళ రౌటర్ వెనుక ఫైబర్ తీగ పీకేసి, డీఎన్ఎస్‌ను ప్రశ్నించే డిగ్ కమాండ్‌తో కాకినాడ డొమైన్ గురించి అడిగాను. క్షణం కూడా ఆలోచించకుండా రౌటర్ ఎన్‌ఎక్స్‌డొమైన్ అంది. నా సొంత డొమైన్ అడిగాను. అదీ లేదంది. తను అడిగే పై డీఎన్ఎస్ సర్వర్లు పలకకపోతే తెలియదనాల్సింది పోయి, లేదని చెప్పడం దాని అలవాటు. ఆ రోజు లైను బాగానే ఉంది, పైనున్న డీఎన్ఎస్ మాత్రం పలకలేదు. అందుకే కాకినాడ మెయిలు గుమ్మం దాకా రాగలిగింది.

ఇక్కడ నా పాపం కూడా కొంత ఉంది. లేని డొమైన్ల నుంచి వచ్చే మెయిల్‌కు పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 450 చెబుతుంది. స్పామ్ బాధ పడలేక రెండేళ్ళ కిందట దాన్ని 550 చేసింది నేనే. డీఎన్ఎస్ వైఫల్యం తాత్కాలికమని తెలిస్తే పోస్ట్‌ఫిక్స్ ఎలాగూ 450 అంటుంది కదా, ప్రమాదం లేదనుకున్నాను. రౌటర్ అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు?

సెట్టింగుల్లో రౌటర్ చిరునామా కింద రెండో డీఎన్ఎస్ సర్వర్ చిరునామా రాసే ఉంది. అదీ పనికిరాలేదు. మొదటిది పలకకపోతేనో, సర్వ్‌ఫెయిల్ అంటేనో రెండోదాన్ని అడుగుతారు. లేదు అన్నది కూడా జవాబే కాబట్టి అక్కడితో ఆగిపోతుంది.

గూగుల్ వారి 8.8.8.8 పెట్టుకుంటే సరిపోతుంది కదా అని తెలిసినవాళ్ళు సలహా ఇచ్చారు. మెయిల్ సర్వర్‌కు అది కుదరదు. స్పామ్ వడపోతకు నేను వాడే స్పామ్‌హౌస్ జాబితా అలాంటి బహిరంగ సర్వర్ల ద్వారా అడిగితే జవాబుకు బదులు 127.255.255.254 అనే తప్పు సంకేతం ఇస్తుంది. కోడ్ చూడకుండా ఏ జవాబు వచ్చినా స్పామే అనుకునేలా సెట్ చేసి ఉంటే మంచి మెయిళ్ళన్నీ పోతాయి. అందుకే సర్వర్ మీదే అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. అది రౌటర్‌ను అడగదు, డీఎన్ఎస్ అంతటికీ మొదలైన రూట్ సర్వర్ల నుంచి తనే వెతుక్కుంటుంది. ఏ డీఎన్ఎస్‌ను అడగాలో రాసి ఉండే రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో రౌటర్ చిరునామా కొట్టేసి 127.0.0.1, అంటే ఈ మెషీన్‌నే, రాశాను. తీగ పీకి డిగ్‌తో అడిగితే కొంతసేపు తడుముకొని సర్వ్‌ఫెయిల్ అంది. ప్రాణం లేచి వచ్చింది.

అదే ఊపులో పరీక్షకు ఒక మెయిల్ పంపాను. బౌన్స్!

అక్కడ రెండు గంటలు పోయాయి. అన్‌బౌండ్‌ను తీసి మళ్ళీ పెట్టాను, మెషీన్‌ను అనుమానించాను, నన్ను నేను అనుమానించుకున్నాను. చివరికి పోస్ట్‌ఫిక్స్ చెక్ కమాండ్ కొడితే ఒక హెచ్చరిక వచ్చింది: రెండు రిజాల్వ్ కాన్ఫ్ ఫైళ్ళకు పొంతన లేదు. ఈ సర్వర్‌లోని డెబియన్‌లో పోస్ట్‌ఫిక్స్ భాగాలు చాలావరకు భద్రత కోసం మెయిళ్ళు దాచే తమ స్పూల్ డైరెక్టరీలోనే బందీగా ఉంటాయి, క్రూట్ అంటారు. వాటికి అసలు ఫైలు కనబడదు, లోపలున్న కాపీయే కనబడుతుంది. ఆ కాపీలో ఇంకా రౌటరే కూర్చుని ఉంది. కాపీ మార్చి పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చేశాను. ఈసారి లాగ్‌లో 'ట్రై అగైన్' కనబడింది. ఒక వైఫల్యం సందేశం చూసి అంత సంతోషించింది నేనొక్కడినేనేమో.

550ని తిరిగి 450 చేశాను. నాలుగు గంటలు దాటినా మెయిల్ వెళ్ళకపోతే పంపినవారికి కబురు వెళ్ళేలా డిలే వార్నింగ్ పెట్టాను. మొదట అది ఆపి ఉంటుంది, మనమే తెరవాలి. ముందు జాగ్రత్తగా సాఫ్ట్ బౌన్స్ కూడా ఒక వారం ఉంచాను, అంటే ఏ మెయిలూ తిరిగిపోకుండా క్యూలోనే ఉంటుంది. అది ఎక్కువకాలం ఉంచేది కాదు. గుమాస్తా గారు ఒక చిరునామాలో అక్షరం తప్పు కొడితే ఆ మెయిలు మూడు రోజులు క్యూలో నిద్రపోయింది. ఆలస్యమైందన్న కబురే తప్ప మెయిలు తిరిగి రాలేదు, ఆయన జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. అది చూసి తీసేశాను.

జూన్ మొదటి వానకు లైను మళ్ళీ పడింది, నలభై నిమిషాలు. ఫోను రాలేదు. లైను వచ్చాక మెయిల్‌క్యూ చూస్తే ఆరు మెయిళ్ళున్నాయి. కాసేపటికి నాలుగు, తర్వాత క్యూ ఖాళీ. సాయంత్రం నేనే ఫోను చేసి అడిగితే గుమాస్తా గారు, "ఈరోజు మెయిళ్ళు కొంచెం నిదానంగా ఉన్నాయి సార్, వాన కదా" అన్నారు.

ఆఫీసులోని మిగతా కంప్యూటర్లు ఇంకా ఆ రౌటర్‌నే అడుగుతున్నాయి. ధాన్యం హడావిడి తగ్గాక వాటి సంగతి చూడాలి.