కార్వేటినగరం చుట్టరికాలు వెతకాలంటే

కార్వేటినగరం సంస్థానంతో చుట్టరికం ఉందా? వెంటనే చిత్తూరు కలెక్టరేట్‌కి పరుగెత్తకండి. జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు కార్వేటినగరం ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. ఆ కాగితాలకు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి (పాత సర్కారు రికార్డులు దాచే చోటు) పోవాల్సిందే. అక్కడ ‘బొమ్మరాజు’ పాళెం (పాలెగాడి సంస్థానం) అని కూడా అడగండి, కుంపిణీ దొరలు రాసుకున్నది అలాగే. మదనపల్లె వైపు అప్పట్లో కడప జిల్లా, ఆ వైపువాళ్లు కడప రికార్డులు చూడాలి.

అసలు చిక్కు పెళ్లిళ్ల దగ్గరే. తాత పేరే మనవడికి, తరతరానా మేనరికాలు. ఒకే పేరుతో ముగ్గురు తేలతారు. పేరును కాదు, భూమిని పట్టుకోండి. పసుపు కుంకుమ కింద ఆడబిడ్డకిచ్చిన చేను తర్వాత ఎవరి పేరుకు మారిందో చూస్తే అల్లుడి ఇంటిపేరు దొరుకుతుంది. ఇనాం భూమైతే (పన్ను మాఫీతోనో తగ్గింపుతోనో ఇచ్చిన మాన్యం) 1860ల ఇనాం ఫెయిర్ రిజిస్టరు బంగారమే: అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవాడికి ఏమవుతాడో ఒకేచోట ఉంటాయి.